విదేశీ డ్రైవింగ్ పర్మిట్‌కు ముందు అరపూట శిక్షణ తప్పనిసరి చేయాలి

భారతదేశంలో లైసెన్స్ ఉన్నవారు పరాయి దేశంలో కారు అద్దెకు తీసుకుని నడపడానికి ఆర్టీఏ కార్యాలయం ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తుంది. 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం దీనికి ఆధారం. ఫారం 4ఏ నింపి, పాస్‌పోర్టు, వీసా చూపి, 1,000 రూపాయల రుసుము కడితే ఏడాదికి మించని గడువుతో పర్మిట్ వస్తుంది. ఈ ప్రక్రియలో ఎక్కడా కుడివైపు ట్రాఫిక్ మీద పరీక్ష లేదు, ఒక్క గంట పాఠమైనా లేదు. పిల్లల్ని చూడటానికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే తల్లిదండ్రులూ, చదువుకు వెళ్లి మొదటి సెలవుల్లోనే కారు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కు బయల్దేరే విద్యార్థులూ, దుబాయ్‌లో వారం గడపడానికి వెళ్లే కుటుంబాలూ ఆ కాగితం ఒక్కటే పట్టుకుని విమానం ఎక్కుతున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు ఈ లోటు పూడ్చాలి. పర్మిట్ ఇచ్చే ముందు అరపూట శిక్షణ తప్పనిసరి చేయాలి.

రోడ్డు మీద వైపు మారడం ఎంత పెద్ద విషయమో స్వీడన్ అనుభవం చెబుతుంది. ఆ దేశం 1967 సెప్టెంబరు 3న తెల్లవారుజామున 5 గంటలకు ఎడమవైపు నుంచి కుడివైపు ట్రాఫిక్‌కు మారింది. పార్లమెంటు నిర్ణయం 1963లోనే జరిగింది. మధ్యలోని నాలుగేళ్లూ సన్నాహానికే పోయాయి. కూడళ్లు మార్చారు, బస్సులు మార్చారు, ఇంటింటికీ సమాచారం పంపారు, మారిన తొలి రోజుల్లో వేగ పరిమితి తగ్గించారు. అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపడంతో కొంతకాలం ప్రమాదాలు తగ్గాయి కూడా. ఒక దేశం నాలుగేళ్లు తీసుకున్న ఆ మార్పునే శంషాబాద్‌లో విమానమెక్కిన ప్రయాణికుడు మర్నాడు విమానాశ్రయం పార్కింగ్‌లో తాళం అందుకున్న నిమిషంలో చేసుకోవలసి వస్తోంది.

ప్రమాదం ఎక్కువగా రద్దీలోనే పొంచి ఉంటుందనుకోవడం పొరపాటు. రద్దీలో ముందు వెళ్లే కారే దారి చూపిస్తుంది. అలవాటు పైచేయి అయ్యేది ఖాళీ రోడ్డు మీద. పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు, ఫొటో కోసం పక్కన ఆపి మళ్లీ బయల్దేరేటప్పుడు, ఎదురుగా ఒక్క బండీ లేని ఉదయం వేళ, చెయ్యి తనకు తెలిసిన ఎడమవైపుకే స్టీరింగ్ తిప్పుతుంది. శిక్షణలో మొదట నేర్పవలసింది ఇదే: ఆగిన ప్రతిచోటా, కదిలే ముందు ఏ వైపుకు వెళ్లాలో పైకి చెప్పుకోవాలి, పక్క సీట్లో ఉన్నవారు దాన్ని సరిచూడాలి.

కుడివైపు ట్రాఫిక్ ఉన్న దేశాల్లో స్టీరింగ్ ఎడమకు మారడంతో కారు వెడల్పు అంచనా కూడా తప్పుతుంది. మన డ్రైవరుకు కారు తన ఎడమ పక్కన ఉండటం అలవాటు. అక్కడ అది కుడి పక్కన ఉంటుంది. తెలియకుండానే బండి రోడ్డు కుడి అంచుకు జరుగుతుంది. మన కార్లలో ఎక్కువ వాటికి ఇండికేటర్ కుడిచేతి పుల్ల. అక్కడ అదే చోట వైపర్ ఉంటుంది. మలుపు దగ్గర ఇండికేటర్ బదులు వైపర్ తిరిగితే వెనక వచ్చేవారికి ఏ సూచనా అందదు. పార్కింగ్‌లో పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిప్పితే ఈ తడబాటు చాలావరకు పోతుంది. ఆ పదిహేను నిమిషాలు తీసుకోవాలని చెప్పేవారే కరువు.

కూడళ్ల విషయం ఇంకా లోతైనది. హైదరాబాద్‌లో ఫ్రీ లెఫ్ట్ అంటే ఆగకుండా తిరిగిపోవడమే. అమెరికాలో చాలాచోట్ల ఎర్ర దీపం ఉన్నా కుడికి తిరగవచ్చు. కానీ ముందు చక్రాలు పూర్తిగా ఆగాలి, కాలినడకన వెళ్లేవారికీ కూడలిలో వచ్చే బండ్లకూ దారి ఇవ్వాలి. తిరగకూడదని బోర్డు ఉంటే దీపం మారేదాకా ఆగాలి. న్యూయార్క్ నగరంలోనైతే అనుమతి ఉన్న బోర్డు కనిపిస్తే తప్ప తిరగనే కూడదు. ఎడమకు తిరగడం అక్కడ కష్టమైన మలుపు. ఎదురుగా వచ్చే ట్రాఫిక్‌ను దాటాలి. సిగ్నల్ లేని నాలుగు వైపుల స్టాప్ కూడలిలో ముందు వచ్చి ఆగినవారే ముందు కదలాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున ఉన్నవారిది వంతు. రోడ్డు ఖాళీగా ఉన్నా స్టాప్ బోర్డు దగ్గర ఆగాల్సిందే. కుడివైపు ట్రాఫిక్ ఉన్న దేశాల్లో రౌండ్‌అబౌట్ చుట్టూ గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి.

అమెరికాలో స్కూల్ బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద రెండు వైపులా బండ్లు ఆగిపోవాలి. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అక్కడ నేరం, అంతకు మించి ప్రాణాపాయం. పిల్లల సీటు కారుతో పాటే అద్దెకు అడగాలి. వేగం మైళ్లలో రాసి ఉంటుందని కూడా గుర్తుండాలి. 65 అన్న బోర్డు గంటకు దాదాపు 105 కిలోమీటర్లు. పోలీసు కారు వెనక దీపాలు వెలిగిస్తే కుడి అంచుకు తీసి ఆపి, లోపలే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచాలి. మన దగ్గరలా మర్యాదగా దిగి అధికారి దగ్గరికి నడిచి వెళ్లడం అక్కడ బెదిరింపుగా కనిపిస్తుంది. మంచితనంతో చేసిన పని ఇలా అపాయం తెచ్చిపెట్టేచోట ముందుగా చెప్పడం ప్రభుత్వ బాధ్యత.

పర్మిట్ చెల్లని దేశాలు కూడా ఉన్నాయి. చైనా ఏ అంతర్జాతీయ పర్మిట్‌నూ అంగీకరించదు. వియత్నాం 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌నే గుర్తిస్తుంది. భారత్ ఇచ్చేది 1949 ఒప్పందం కింద. వియత్నాంలో స్కూటర్ అద్దెకు తీసుకుని కొండదారులు పట్టే మన యువకులు చట్టం దృష్టిలో లైసెన్స్ లేనివారే. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లించకపోవచ్చు. పర్మిట్ ఉన్నా సరే, అద్దె ఒప్పందంలో పేరున్నవారే కారు నడపాలి. కొడుకు పేరు మీద తీసుకున్న కారును కాసేపు తండ్రి నడిపితే బీమా రక్షణ మొత్తం పోయే ప్రమాదం ఉంది. ప్రయాణ బీమా ఉందన్న ధీమా కూడా పనికిరాదు. ఎదుటివారికి జరిగిన నష్టం సాధారణంగా దాని పరిధిలోకి రాదు. అద్దె ఒప్పందంలో ఆ రక్షణ ఎంతవరకు ఉందో అడిగి తెలుసుకోవాలి.

ఇరవై ఏళ్లుగా నడుపుతున్నవారికి పాఠం ఎందుకని కొందరు అడుగుతారు. అనుభవం పెరిగేకొద్దీ అలవాటు గట్టిపడుతుంది, కనుక వారికే ఈ పాఠం ముఖ్యం. ఆర్టీఏలో మరో మెట్టు పెడితే దళారులకు మరో ఆదాయం అవుతుందన్న భయం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. అందుకే స్లాట్ ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలి, అదనపు రుసుము పెట్టకూడదు, నియమాల భాగాన్ని తెలుగు వీడియోగా ఇంట్లోనే చూసి ప్రశ్నలకు జవాబులిచ్చే వీలుండాలి. మిగిలిన సాధనకు స్థలం ఉంది. నాగోలు టెస్ట్ ట్రాక్ లాంటి చోట్ల వారంలో ఒక పూట కుడివైపు గీతలతో కూడళ్లు, రౌండ్‌అబౌట్ ఏర్పాటు చేయవచ్చు. సిరిసిల్ల డ్రైవర్ శిక్షణ సంస్థలో సిమ్యులేటర్ మీద ఎడమ స్టీరింగ్ అలవాటు చేయించవచ్చు. ఫారం 4ఏలో వెళ్లే దేశం పేరు అడుగుతారు కాబట్టి, ఆ దేశపు నియమాలున్న నాలుగు పేజీల తెలుగు పుస్తకం పర్మిట్‌తో పాటే ఇవ్వడం కష్టం కాదు.

ఆతిథ్యమిచ్చే దేశాలు తమ వంతు పని చేస్తున్నాయి. న్యూజిలాండ్ 2014లో విదేశీ డ్రైవర్ల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టి, పర్యాటకులు ఎక్కువగా తిరిగే దక్షిణ దీవి రోడ్ల మీద ఎటు నడపాలో చూపే బాణం గుర్తులు గీసింది. పంపించే రాష్ట్రాల నుంచి మాత్రం ఇలాంటి పాఠం ఏదీ అందడం లేదు.

ఉత్తర్వు కోసం ఆగనవసరం లేని పని ఒకటుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు ప్రయాణం మధ్య మజిలీతో కలిపి దాదాపు ఒక రోజు పడుతుంది. నిద్ర లేదు, పగలూ రాత్రీ తారుమారు. ఆ స్థితిలో హైవే మీద స్టీరింగ్ పట్టినవారికి కన్ను మూతపడటం వారి చేతిలో ఉండదు. ట్రావెల్ ఏజెంట్లు దిగిన రోజే కారు బుక్ చేయడం మానాలి. మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గర బస, మర్నాడు పగటి వేళ కారు, మొదటి రోజు వంద మైళ్లకు మించని దూరం అన్న పద్ధతిని ప్యాకేజీల్లోనే రాయాలి. అక్కడ స్థిరపడిన పిల్లలు కూడా తల్లిదండ్రులకు తాళం ఇచ్చేముందు తమ కాలనీ రోడ్ల మీద రెండు రోజులు పక్కన కూర్చుని నడిపించాలి.