కడగడం వేరు, కడుక్కోవడం వేరు

ఈ మధ్య కరీంనగర్, ఆదిలాబాదు వైపునుంచి వచ్చే జాబుల్లో ఒక కొత్త బెంగ కనిపిస్తున్నది. అమ్మాయి ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నదట. మార్కులు బాగా పడతాయని ఎవరో చెప్పారట. తీరా చూస్తే క్రియలు జంటలు జంటలుగా వచ్చి బెదరగొడుతున్నవట. ఇంట్లో తెలుగు, కాస్త ఉర్దూ తప్ప మరొకటి రానివాళ్లం, మేమేం సాయం చేయగలమని తల్లిదండ్రుల ప్రశ్న.

చాలా చేయగలరు. నేను చెప్పేది ఒక్కటే: ఫ్రెంచి ఇంటికి ఇంగ్లీషు గుమ్మంలోంచి పోకండి, తెలుగు గుమ్మంలోంచి పోండి. దారి దగ్గర.

చిక్కంతా 'స' అనే చిన్న మాటతో వస్తుంది. 'లావె' అంటే కడుగు. 'స లావె' అంటే కడుక్కొను. ఈ 'స' అనేది మన 'కొను'కు పినతల్లి బిడ్డ అనుకోండి. చేసిన పని తిరిగి చేసినవాడికే చెందుతుందని చెబుతుంది. 'అషెతె' అంటే కొను, 'సషెతె' అంటే కొనుక్కొను. 'సెర్విర్' అంటే వడ్డించు, 'స సెర్విర్' అంటే వడ్డించుకొను. దీని వెనక 'ద' అనే ముక్క చేరిందా, వాడుకొను అనే అర్థం వస్తుంది. అక్కడా మనకు 'కొను' ఉన్నది చూశారా!

ఇంగ్లీషు బళ్లో చదివిన పిల్ల 'నా చేతులు కడుగుతున్నాను' అని ఫ్రెంచిలో రాసి, ఎర్ర సిరా గీత తెచ్చుకుంటుంది. ఫ్రెంచివాడు 'జ మ లావ్ లే మెఁ' అంటాడు. అందులో 'నా' లేదు. మనం మాత్రం 'నా చేతులు నేను కడుగుతున్నాను' అంటామా? 'చేతులు కడుక్కుంటున్న' అంటాం. ఎవరి చేతులో 'కొను' చెప్పనే చెప్పింది. ఫ్రెంచివాడి లెక్కా అదే.

ఇక పెళ్లి సంగతి. ఇక్కడ పొరపడితే నవ్వులపాలే. 'మార్యె' అంటే పెళ్లి చేయు. పిల్లనిచ్చే తండ్రికీ, తంతు జరిపించే పెద్దకీ ఆ మాటే, సరిగ్గా మన వాడుకలాగే. 'స మార్యె' అంటే పెళ్లి చేసుకొను. ఆ చిన్న 'స' తప్పించి రాస్తే పెళ్లికొడుకు కాస్తా పురోహితుడైపోతాడు. మూడోది 'ఎపూజె'. అది మన 'పెళ్లాడు' లాంటిది. 'ఎపూజె' నేరుగా మనిషిని పట్టుకుంటుంది, 'స మార్యె'కు తోడుగా 'తో' అనే మాట కావాలి.

ఇదేమీ పరదేశపు వింత కాదు. నాటి కరీంనగర్ జిల్లా ధర్మపురి వేదపండితులకు పేరుపడ్డ ఊరు. అక్కడ సంస్కృతం చదివినవారిని అడగండి, 'యజతి', 'యజతే' భేదం చెబుతారు. ఋత్విక్కు మరొకరి కోసం యజ్ఞం చేస్తే మొదటిది, యజమాని తన ఫలం కోసం చేస్తే రెండోది. ఆదిలాబాదులో మరాఠీ మాట్లాడే ఇళ్లలో 'లిహూన్ ఘే' అన్నా, ఉర్దూలో 'లిఖ్ లో' అన్నా మన 'రాసుకో' వంటివే. ఇన్ని భాషలు వినిపించే జిల్లాల పిల్లలకు ఫ్రెంచి 'స' కొరకరాని కొయ్య కానక్కరలేదు.

అయితే ఈ చుట్టరికాన్ని మరీ నమ్ముకోకూడదు. నేర్చుకొను అనే మాటలో మనకు 'కొను' ఉన్నది. ఫ్రెంచి 'అప్రాఁద్ర్'కు 'స' లేదు. లేచు అనే మాటలో మనకు 'కొను' లేదు. వాళ్లకు లేపు 'లవె', లేచు 'స లవె'. ఈ 'లవె'ను కడిగే 'లావె'తో కలిపేయవద్దు సుమా! 'త్రోంపె' అంటే మోసగించు, 'స త్రోంపె' అంటే పొరపడు. ఒకటి పాపం, రెండోది పొరపాటు. వీటిని విడిగా బట్టీ పట్టవలసిందే.

మరి రెండు సంగతులు. మన 'కొను' ముందు కర్త ఎవరైనా 'కొను'గానే ఉంటుంది. ఫ్రెంచిలో మాత్రం నేనైతే 'మ', నువ్వైతే 'త', అతడైతే 'స', మేమైతే 'ను', మీరైతే 'వు' అని మారుతుంది. గతకాలంలో ఇటువంటి క్రియలన్నిటికీ 'అవ్వార్' కాక 'ఎత్ర్' సహాయక్రియగా వస్తుంది.

తెలుగువాళ్లకు ఫ్రెంచి కొత్త కాదు. బాసర, ధర్మపురి మీదుగా సాగిన గోదావరి సముద్రానికి చేరువలో యానాం ఒడ్డును తాకుతుంది. 1954 దాకా అక్కడ ఫ్రెంచివారి ఏలుబడే. తెలుగు ఇళ్ల పిల్లలు అక్కడి బళ్లలో ఈ క్రియలే వల్లించారు.

'చేస్కున్నడు' అంటే యాస అని నవ్వేవారు ఉన్నారు. నవ్వితే నవ్వనివ్వండి. లగ్గం చేసిండు, లగ్గం చేస్కున్నడు అనే రెండు మాటల నడుమ భేదం అణుమాత్రం చెడలేదు. ఇంటి మాట తప్పని పిల్లకు నూరిపోస్తే, చేతిలో ఉన్న తాళంచెవిని మనమే బావిలో వేసినట్లు.

ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయిని ఒక పని అడగండి. నాయనకు వడ్డించమనండి, తర్వాత తాను వడ్డించుకోమనండి. ఏ పనికి 'స' వస్తుందో చెప్పగలిగిందా, సగం పాఠం వచ్చినట్లే. మిగతా సగం చేయి కడుక్కున్న తర్వాత చదువుకోవచ్చు.