చిన్న వాద్యమని చిన్నచూపు తగునా?

వీణ అంటే మనకు భక్తి. వయొలిన్ అంటే గౌరవం. గిటారు అంటే మోజు. మరి మాండలిన్ అంటే? "అదా! సినిమా పాటల్లో మధ్యమధ్య టింగుటింగుమనే చిన్న వాద్యం కదూ!" అంటారు చాలామంది. చూడటానికి అది గిటారుకు తమ్ముడిలా ఉంటుంది. గొంతు సన్నం, ఒళ్లు చిన్నం. పెద్ద కచేరీకి పనికిరాదని ఎంతో కాలం పక్కన పెట్టిన వాద్యం అది.

అలాంటి వాద్యం పట్టుకుని 1978లో మన కృష్ణా డెల్టాలోని గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల వేదిక మీద, తొమ్మిదేళ్ల బాలుడొకడు కర్ణాటక సంగీత కచేరీ చేశాడు. అతడే తరువాత ప్రపంచమంతా 'మాండలిన్ శ్రీనివాస్' అని పిలిచిన ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో, 45 ఏళ్లకే కన్నుమూశారు.

"ఆ పిల్లవాడు పుట్టు మేధావి, అందుకే సాధ్యమైంది" అని మనం ఊరుకోవచ్చు. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం ఆ వాద్యంలో ఉంది. ఒక పరికరంలో లోపం ఉందని విన్నప్పుడు రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు. దాన్ని అటక మీద పడేయవచ్చు. లేదా, ఆ లోపం ఏ ప్రకృతి నియమం వల్ల వచ్చిందో కనుక్కుని, ఆ నియమంతోనే దాన్ని సరిచేయవచ్చు. ఈ రెండో దారి విజ్ఞానశాస్త్రానిది. మంచి వాద్యకారులదీ అదే దారి అని నా అభిప్రాయం.

ముందుగా మాండలిన్ మీద ఉన్న ఆక్షేపణలేమిటో చూద్దాం. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఒకచోట బిగుసుకుని నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. వీణ వాయించేవారు మెట్టు మీద తీగను పక్కకు లాగి ఈ ఊపు తెప్పిస్తారు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలుంటాయి. అవి ఎనిమిది వేర్వేరు స్వరాలు కావు. నాలుగు జంటలు. ఒక్కో జంటలోని రెండు తీగలనూ ఒకే శ్రుతికి బిగిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

తీగ పౌనఃపున్యం దాని తన్యతకు, అంటే బిగువుకు, వర్గమూలంగా మారుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదువుతారు. షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభానికి చేరాలంటే పౌనఃపున్యం 9/8 రెట్లు కావాలి. అంటే తన్యత 81/64 రెట్లు కావాలి. మరోవిధంగా చెప్పాలంటే, తీగ బిగువు సుమారు 27 శాతం పెరగాలి. ఒక తీగను లాగితే సరిపోతుంది. జంట తీగలైతే రెండింటినీ ఒక్కసారిగా, ఒక్కలాగా లాగాలి. వేలికి శ్రమ రెట్టింపు. పైగా రెండూ సరిగ్గా సమానంగా సాగవు. ఒకటి సెకనుకు 660 సార్లు, రెండోది 664 సార్లు కంపిస్తున్నాయనుకోండి. అప్పుడు సెకనుకు నాలుగుసార్లు ధ్వని పెరిగి తరుగుతుంది. వీటినే విస్పందనాలంటారు. గమకం పలకవలసిన చోట వణుకు వినిపిస్తుంది.

రెండో ఆక్షేపణ, మాండలిన్ స్వరం నిలవదని. తీగను మీటినప్పుడు మనం ఇచ్చే శక్తి కొంచెమే. ఆ శక్తి కర్ర డొల్లకు చేరి, దాన్ని కదిలించి, గాలిలోకి ధ్వనిగా పోతుంది. బాగా వినిపించాలంటే శక్తి త్వరగా ఖర్చు కావాలి. త్వరగా ఖర్చయితే స్వరం త్వరగా ఆరిపోతుంది. పొట్టి తీగ, చిన్న డొల్ల ఉన్న మాండలిన్‌కు ఈ బాధ మరీ ఎక్కువ. అందుకే మాండలిన్ వాయించేవారు ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ సాగదీస్తారు.

ఇప్పుడు శ్రీనివాస్ చేతిలోని వాద్యాన్ని చూడండి. జంట తీగలు లేవు. ఒంటి తీగలు. నాలుగు కాదు, ఐదు. ఐదో తీగతో కింది స్థాయి కూడా అందుబాటులోకి వచ్చింది. అది విద్యుత్ మాండలిన్. దానికి డొల్లతో అవసరం లేదు. తీగల కింద 'పికప్' ఉంటుంది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి సన్నని రాగితీగతో చుట్టిన వేల చుట్లు. అంతకు మించి అందులో ఏ మాయా లేదు. ఉక్కు తీగ దాని పైన కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది. క్షేత్రం మారితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. తీగ సెకనుకు 440 సార్లు కంపిస్తే విద్యుత్తు కూడా 440 సార్లు ఊగుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెంచి స్పీకరుకు పంపుతుంది. గాలిని కదిలించే బరువు పని తీగ మీద పడదు కనుక, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఒంటి తీగ కనుక గమకం తేటగా పలుకుతుంది.

మరి చిన్నతనం? అది లోపంగా మిగలలేదు, లాభమైంది. మామూలు గిటారు తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. కింది షడ్జమం నుంచి పై షడ్జమానికి ఒకే తీగ మీద పోవాలంటే వేలు అందులో సగం, 32 సెంటీమీటర్లకు పైగా జారాలి. మాండలిన్ తీగ సుమారు 35 సెంటీమీటర్లే. 17, 18 సెంటీమీటర్లు జారితే చాలు. అంత వేగంగా స్వరాలు జాలువారడానికి ఆ పొట్టి ఒళ్లే తోడ్పడింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. శిష్యుడు విని, ఆ పాటను తన వాద్యం మీద వెతికి పట్టుకునేవాడు. "ఈ వేలు ఇక్కడ పెట్టు" అని చెప్పే పుస్తకం లేదు. ప్రతి సంగతీ ఒక ప్రయోగమే.

ఇలా పక్కన పడిన వస్తువును వాద్యకారులు గుండెకు హత్తుకోవడం మన దగ్గరే జరిగిందనుకోకండి. అమెరికాలో ఫెండర్ అనే గిటార్ల సంస్థ 1956లో నాలుగు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ తయారుచేసింది. గిటార్లకు వచ్చిన గిరాకీ దానికి రాలేదు. 1970లలో తయారీ ఆపేశారు. కానీ బ్రెజిల్ దేశంలోని సాల్వదార్ నగరంలో అలాంటి చిన్న విద్యుత్ వాద్యమే ఊరేగింపుల సంగీతానికి మకుటమైంది. దాని పేరు గితార్రా బాయానా. ఇప్పుడు దానికీ తరచు ఐదు తీగలే ఉంటాయి. పాలకొల్లుకూ సాల్వదారుకూ చుట్టరికం లేదు. కాని తీగల నియమాలు అక్కడా ఇక్కడా ఒక్కటే.

వాద్యాల సంగతి ఇలా ఉంటే, వాటికి తగిలించే పరికరాల కథ ఇంకా వింతైనది. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా శబ్దాలను కలిపే యంత్రంలో ఒక భాగం చెడి, గిటారు ధ్వని బరబరమంది. ఆ బరబర బాగుందని అలాగే ఉంచారు. ఆ తరువాత కావాలని అలా బరబరలాడించే 'ఫజ్' పెట్టె అమ్మకానికి వచ్చింది. అందులో జరిగేది ఇది: ఆంప్లిఫయర్ మోయలేనంత సంకేతం ఇస్తే తరంగాల కొనలు తెగిపోతాయి. కొన తెగిన తరంగంలో కొత్త అతిస్వరాలు పుడతాయి. చెవికి అది గరుకుగా, నిండుగా వినిపిస్తుంది.

మొదటి ఫజ్ పెట్టెల్లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. వేడెక్కితే వాటిలో లీకేజీ కరెంటు పెరిగి స్వరం మారిపోతుంది. మే నెల బెజవాడ ఎండలో వాటి సంగతి మీరే ఊహించుకోండి! తరువాత వేడిని బాగా తట్టుకునే సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చి, రేడియోల నుంచి జెర్మేనియాన్ని వెళ్లగొట్టాయి. రేడియోకు అది న్యాయమే. కాని ఈనాటికీ కొందరు గిటారు వాద్యకారులు జెర్మేనియం పెట్టెలనే కోరి తెచ్చుకుంటారు. తరంగాన్ని అది మెత్తగా కోస్తుందని వారి అభిమానం. అలాగే స్ప్రింగులు బిగించిన రేకుపెట్టె ఒకటుంది. ధ్వని సంకేతం స్ప్రింగులో అటూ ఇటూ పరుగెత్తి ఆలస్యంగా తిరిగివస్తే, పెద్ద మంటపంలో వాయించినట్లుంటుంది. ఇప్పుడు కంప్యూటరు చిప్పులు ఆ పని చేస్తున్నా, స్ప్రింగు పెట్టెను వదలనివారు చాలామంది ఉన్నారు.

"అయితే పాతవన్నీ గొప్పవేనా?" అని మీరు అడగవచ్చు. కాదు. హార్మోనియం కథ చూడండి. 1940లో ఆకాశవాణి హార్మోనియంను ప్రసారాల నుంచి నిషేధించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యేనాటికి కూడా ఆ నిషేధం ఉంది. 1971లో గాని అది సడలలేదు. నిషేధానికి చెప్పిన కారణం అబద్ధం కాదు. హార్మోనియంలో ఒక్కో స్వరానికి ఒక్కో లోహపు రెల్లు. దాని పొడవు, మందం మారవు కనుక పౌనఃపున్యం మారదు. తీగను లాగినట్లు దాన్ని లాగలేం. గమకం పలకదు. ఈ లోపానికి మందు లేదు.

కాని అదే హార్మోనియం లేనిదే డెల్టా పల్లెల్లో పద్యనాటకం నడిచేది కాదు. మైకులు లేని రోజుల్లో నటుడు గొంతెత్తి రాగం తీస్తుంటే, ఊరు చివరివరకూ వినిపించే గట్టి శ్రుతి కావాలి. తెల్లవార్లూ చెదరని శ్రుతి కావాలి. మారని పౌనఃపున్యం అక్కడ లోపం కాదు, అదే గుణం! కనుక "ఇది మంచి వాద్యమా, చెడ్డ వాద్యమా?" అన్న ప్రశ్నే సరికాదు. "ఏ పనికి మంచిది?" అని అడగాలి.

విద్యుత్ వాద్యాలకూ ఈ కొలతే వర్తిస్తుంది. జంట తీగలు తీసేస్తే గమకం వస్తుంది, కాని జంట తీగల గలగల పోతుంది. అందుకే పాత మాండలిన్‌ను ఇష్టపడేవారూ ఉన్నారు. డొల్ల తీసేస్తే స్వరం నిలుస్తుంది, కాని కరెంటు పోతే వాద్యం మూగబోతుంది. నూజివీడులో పనస కర్రతో చేసే వీణకు ఆ బెంగ లేదు. కరెంటు వాద్యం కనుక సాధన అక్కర్లేదనుకోవడం కూడా పొరపాటే. ఆంప్లిఫయర్ మంచి స్వరాన్ని పెంచినట్లే అపస్వరాన్నీ పెంచుతుంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన బళ్లలో భౌతికశాస్త్రం ఒక గదిలో, సంగీతం మరో గదిలో ఉంటున్నాయి. చాలాచోట్ల రెండో గదే లేదు. విస్పందనాల సూత్రాన్ని కంఠతా పట్టి, విస్పందనాలను ఒక్కసారైనా వినకుండా పరీక్ష రాసేవారు ఎందరో! వినడానికి ఖర్చేమీ లేదు. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని, సమానంగా నీళ్లు పోసి, ఇద్దరు మిత్రులు ఒక్కసారే మూతుల మీద ఊదండి. తరువాత ఒక సీసాలో చెంచాడు నీళ్లు ఎక్కువ పోసి మళ్లీ ఊదండి. ధ్వని వూఁ...వూఁ అని ఊగితే, జంట తీగల చిక్కు మీ చెవికి అందినట్లే. చెంచాల లెక్క మార్చి ఊపు వేగం ఎలా మారుతుందో రాసుకోండి. ఇంట్లో చెడిపోయిన చిన్న స్పీకరు ఉంటే పెద్దల అనుమతితో విప్పి, అయస్కాంతాన్నీ తీగచుట్టనూ చూడండి. కాని వాల్వుల పాత రేడియోలను, ఆంప్లిఫయర్లను మాత్రం ముట్టుకోకండి. ప్లగ్గు తీసినా వాటి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మీ తరగతిలో ఎవరైనా అటక మీది పాత వాద్యం దింపి తెస్తే, "ఇదేం పనికొస్తుంది?" అని నవ్వకండి. అదే ప్రశ్నను నవ్వకుండా అడగండి: "ఇది ఏ పనికొస్తుంది?" జవాబు కోసం తీగను మీటి చూడండి. తీర్పు చెప్పే హక్కు ఆ తరువాతే వస్తుంది.