డెల్కో తిప్పితే పోయేదానికి ఇంజిన్ విప్పుతారా?

పోచంపల్లి నుంచి ఓ తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా తాత చీరల మూటలు ఏసుకొని హైదరాబాద్ పోయిన పెట్రోల్ అంబాసిడర్ ఇది. ఇప్పుడు పికప్ లేదు, ఊకె వేడెక్కుతుంది, మైలేజ్ మస్తు పడిపోయింది. మెకానిక్ చూసి ఇంజిన్ ఖతం, బోర్ చేయించాలె అంటుండు. బాపు పాత సామానోనికి అమ్మేద్దాం అంటుండు. ఏం చేయాలె?"

తమ్ముడూ, బాపుని ఒక్క వారం ఆగమను. నువ్వు చెప్పిన మూడు లక్షణాలూ అరిగిపోయిన ఇంజిన్‌కి ఉంటాయి, నిజమే. కానీ టైమింగ్ వెనక్కి పోయిన మంచి ఇంజిన్‌కి కూడా అచ్చం ఇవే ఉంటాయి. రెండో దానికి వేలల్లో ఖర్చు అక్కర్లేదు. ఒక స్పానర్, ఒక ఫిల్లర్ గేజ్, పన్నెండు వోల్టుల బల్బు ఒకటి చాలు.

ఇప్పటి కార్లలో స్పార్క్ ఎప్పుడు పడాలో కంప్యూటర్ చూసుకుంటుంది. అంబాసిడర్, పద్మిని కాలం బళ్లలో ఆ పని డిస్ట్రిబ్యూటర్‌ది. మన మెకానిక్‌లు దాన్ని 'డెల్కో' అంటారు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీర్ 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి అమెరికాలో పెట్టిన డేటన్ ఇంజినీరింగ్ లేబొరేటరీస్ కంపెనీకి పొట్టి పేరు అది. బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్‌ని కార్లకు అలవాటు చేసింది వాళ్లే. లూకాస్ వాళ్ల డబ్బా బిగించినా మన దగ్గర దాని పేరు డెల్కోనే!

సరే, టైమింగ్ అంటే? పెట్రోల్ టప్పున పేలిపోదు, మంట పాకడానికి టైం పడుతుంది. ఉజ్జాయింపుగా రెండు మిల్లీసెకన్లు అనుకుందాం. ఐడ్లింగ్‌లో, అంటే 800 ఆర్‌పీఎం దగ్గర, ఆ కాస్త టైంలో క్రాంక్ పది డిగ్రీలు కూడా తిరగదు. అదే 3000 దగ్గర 36 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి, స్పీడ్ పెరిగేకొద్దీ ఇంకా ముందే పడాలి. డెల్కో లోపల చిన్న బరువులు, పక్కన వాక్యూమ్ డబ్బా ఉండేది ఇందుకే.

మీ ఊరోళ్లకి ఇది కొత్తగా చెప్పాలా? చిటికి కట్టి రంగద్దిన పేక నూలు మగ్గం మీద కాస్త జరిగితే పువ్వు అంచు చెదిరిపోదూ! నేతగాడు పోగు పోగుకీ సరిచూసుకుంటాడు. ఇక్కడ సరిచూసుకోవాల్సింది పుల్లీ మీది గాటుని.

అసలు దొంగ మాత్రం డెల్కో లోపలుంటాడు. పాయింట్లకి ఫైబర్ మడమ ఒకటి ఉంటుంది. అది తిరిగే క్యామ్‌కి రాసుకుని రాసుకుని అరుగుతుంది. అరిగితే గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, స్పార్క్ వెనకబడుతుంది. మంట ఆలస్యంగా లేచి, సగం వేడి సైలెన్సర్ వైపు పోతుంది. రోజుకి కొంచెం కొంచెం జరిగే పని కాబట్టి నడిపేవాడికి తెలియదు. ఏడాది తర్వాత 'బండి ముసలిదైపోయింది' అంటాడు.

కాబట్టి ముందు గ్యాప్. లూకాస్ పాయింట్లకి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది, అందుకే ఈ వరస తిరగేయొద్దు.

తర్వాత గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. స్విచ్ ఆపేసి, ఒకటో నంబర్ ప్లగ్ విప్పి రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజిన్‌ని చేత్తో తిప్పండి. గాలి వేలిని తోస్తుంటే అది కంప్రెషన్. పుల్లీ మీది గాటు, టైమింగ్ కవర్ మీద మాన్యువల్ చెప్పిన డిగ్రీ గుర్తుకి వచ్చేదాకా తిప్పి ఆపండి. బల్బు ఒక వైరు కాయిల్ నుంచి డెల్కోకి వచ్చే సన్న వైరు దగ్గర, రెండోది ఎర్త్‌కి. స్విచ్ ఆన్. డెల్కో క్లాంప్ కాస్త లూజ్ చేసి, రోటర్ తిరిగే దిక్కుకే బల్బు ఆరేదాకా తిప్పండి. ఇప్పుడు ఎదురు దిక్కుకి మెల్లగా, చాలా మెల్లగా. బల్బు వెలిగిన చోటే పాయింట్లు విడిపోయే చోటు. అక్కడ బిగించి స్విచ్ ఆపండి. ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలుతుంది.

గుర్తులు తుప్పు కింద కనిపించకపోతే కిరోసిన్ గుడ్డతో తుడిచి సుద్ద రాయండి. టైమింగ్ లైట్ ఉన్న షెడ్‌లో ఇంజిన్ నడుపుతూ మళ్లీ చూపించుకుంటే ఇంకా మంచిది. వాక్యూమ్ పైపు తీసి మూయడం మర్చిపోవద్దు. ఇంకో మాట, ఆ లైట్ వెలుగులో తిరిగే ఫ్యాన్ ఆగినట్టు కనిపించొచ్చు. చెయ్యి, కండువా రెండూ దూరం!

'ఇంకాస్త ముందుకి తిప్పితే ఇంకాస్త పికప్' అనే సలహా కూడా వస్తుంది. వినకండి. మూడో గేర్‌లో యాదగిరిగుట్ట ఘాట్ ఎక్కేటప్పుడు గోళీలు గలగలలాడినట్టు చప్పుడొస్తే అది నాకింగ్, పిస్టన్లకు చేటు. వెంటనే కొంచెం వెనక్కి తీసుకోవాలి. ఇప్పటి ఇ20 పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది కాబట్టి నాకింగ్ కొంత తగ్గుతుంది. కానీ పాత రబ్బరు పైపులకి అది పడదు, మిక్చర్ కూడా పలచనవుతుంది. ఆ సంగతి కార్బురేటర్ దగ్గర తేల్చుకోవాలి, డెల్కో దగ్గర కాదు.

టైమింగ్ లైట్‌లో గుర్తు నిలకడగా లేకుండా ఎగురుతుంటే డెల్కో షాఫ్ట్ బుష్ అరిగిందేమో చూపించు. అదీ సరిచేశాక కంప్రెషన్ టెస్ట్ పెట్టించు తమ్ముడూ. నాలుగు సిలిండర్ల లెక్కలూ దగ్గరదగ్గరగా, కంపెనీ చెప్పిన అంకెకి చేరువలో ఉంటే బోర్ మాట ఎత్తనివ్వకు. లెక్క పడిపోయి, సైలెన్సర్‌లో నీలం పొగ కూడా వస్తుంటే మాత్రం మీ మెకానిక్ చెప్పిందే నిజం.