చెత్త బండి కిస్సాలల్ల డ్రైవర్ ఏడి భాయ్?

మొన్న పెద్దపల్లిల ఒక వలీమాకు పోయిన. ఖుబానీ కా మీఠా వచ్చేసరికి దస్తర్ఖాన్ మీద ముచ్చట బండ్ల మీదికి మళ్ళింది. ఎవలెవలు ఎంత చెత్త కారుల తిరిగిన్రని పోటీ. ఒక రిటైర్డ్ సారు తన బావ కారు డోరు చేతిల ఊడొచ్చిన కిస్సా చెప్పిండు. ఇంకో సాబ్, కరీంనగర్ చేరేలోపు మూడుసార్లు దిగి నెట్టినమన్నడు. "ఏమన్నా ఆ దినాల మజా వేరే" అని అందరూ నవ్విన్రు. నా పక్కన అబ్బా కూసున్నడు. కుడి చెయ్యి నోటిదాక లేవదు. ఎడమ చేత్తో తినుడు దిల్ ఒప్పదు. అందుకే తలనే పళ్ళెం మీదికి వంచి తింటున్నడు. ఆయన నవ్వలే.

ఆ గుస్సాతోనే ఇది రాస్తున్న, మాఫ్ చేయిన్రి.

ఈ కిస్సాలన్నిట్ల డ్రైవర్ ఏడి? డోరు ఊడిన సారు యాదికున్నడు, నెట్టిన సాబ్ యాదికున్నడు. స్టీరింగ్ ముందట కూసున్న మనిషికి పేరు లేదు, శకల్ లేదు. యాదులు ఎన్క సీటుకు, తక్లీఫ్ ముందు సీటుకు. ఇదేం ఇన్సాఫ్?

మా అబ్బా ఇరవై ఏండ్లు పెద్దపల్లి నుంచి మంథని దిక్కు షేర్ బండి నడిపిండు. ఏ కంపెనీదో చెప్పను. చెప్తే "అరే, మా మామకు గూడ అదే ఉండె" అని మీ ముచ్చట మళ్ల షురూ అయితది. అబ్బా చేతికి వచ్చేసరికే అది నలుగురు మాలిక్‌లను మార్చింది. సెల్ఫ్ ఎత్తేది కాదు, అందుకే రాత్రి ఎప్పుడూ ఎత్తు మీదనే ఆపేటోడు. బ్రేకు ఒక్క తొక్కుడుకు పట్టదు, మూడుసార్లు పంపు కొట్టాలె. ఎండాకాలం ఇంజన్ వేడికి కాలి చర్మం కమిలి నల్లబడేది. ఇంట్ల తాగే నీళ్ళకు ముందు రేడియేటర్ డబ్బా నింపేది అమ్మీ. కమాన్ కట్టలు ఇరిగితే కమాన్ చౌరస్తాలనే బండి పడుకునేదని మొహల్లా పోరగాండ్లు మజాక్ చేసేటోళ్ళు. పదిమంది కూసునే బండిల ఇరవై మంది. డ్రైవర్‌కు కుడి దిక్కు గూడ ఒక సవారీ. అబ్బా సగం పెయ్యి బయటికి, ఎడమ చెయ్యి గేరు మీద, కుడి చెయ్యి ఒక్కటే ఆ బరువు స్టీరింగ్ మీద. ఇయ్యాల నమాజ్‌ల తక్బీర్ చెప్పేటప్పుడు ఆయన కుడి చెయ్యి చెవిదాక పోదు.

ఇప్పుడు మీ పాత బండ్ల ఇష్క్ సంగతి చూద్దాం. అంబాసిడర్‌ను మన దేశంల 1957ల తెచ్చిన్రు. అది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా. కలకత్త దగ్గర ఉత్తర్‌పారాల 2014 దాక తయారైంది. ముఖం కొంచెం మార్చిన్రు, ఇంజన్లు మార్చిన్రు, అసలు ఢాంచా అదే. ప్రీమియర్ పద్మినీ గూడ ఫియట్ 1100 బిడ్డనే. ఎన్ని బండ్లు చేయాల్నో సర్కారే పర్మిట్ ఇచ్చేది. కొనేటోడు ఏండ్లకేండ్లు లైన్ల నిలవడేటోడు. లైనుండంగ కంపెనీకి బండి బాగుచేసే ఫికర్ ఎందుకు? 1983 డిసెంబర్ల మారుతీ 800 వచ్చినంకనే వాళ్ళకు చెమటలు పట్టినయి. 2013ల బీబీసీ టాప్ గేర్ ప్రోగ్రామ్ దునియా టాక్సీల పోటీ పెడితే అంబాసిడరే గెలిచింది. ముబారక్! 2017ల ఆ పేరును పూజో కంపెనీ 80 కోట్లకు కొన్నది. పేరుకు 80 కోట్లు. దాని క్లచ్ తొక్కి మోకాలు అరిగినోనికి? కనీసం ఒక సలాం?

ఇంకో మాట, గుండెల ముల్లు లెక్క ఉన్నది. ఆ బండ్లు అరవై ఏండ్లు రోడ్డు మీద తిరిగినయంటే ఎవరి హునర్‌తోటి? ప్రతి కస్బాల ఒక ఉస్తాద్, ఆయన కింద ఇద్దరు షాగిర్దులు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత నిజాం కొలువులు పోయిన ఇండ్లల్ల చానామందికి చేతిపనే దిక్కయింది. ముసల్మాన్లల్ల సొంత పని మీద బతికేటోళ్ళు మిగతా ఖౌమ్‌ల కన్న ఎక్కువని, బండ్ల రిపేరు, రవాణా పనులల్ల జమై ఉన్నరని 2006ల సచార్ కమిటీ రాసింది. స్పేర్ దొరకనప్పుడు ట్యూబు ముక్కతోని వాషర్ కోసి బిగించి మీ బారాత్‌లను టైముకు చేర్చింది ఈ పోరగాండ్లే. ఇప్పుడు ఫోన్లల్ల మా పిల్లలను తిట్టాలంటే "పంక్చర్‌గాళ్ళు" అంటున్నరు. ఆ చెత్త బండేమో మీకు మీఠీ యాది, దాన్ని నడిపించిన చెయ్యి గాలీ అయిందా? వలీమాల కిస్సా చెప్పి నవ్విన సాబే ఆ రాత్రి గ్రూపుల గసొంటి మజాక్ ఒకటి పంపిండు. నాకూ వచ్చింది.

"ఆ బండ్లే కద మీకు రోటీ పెట్టినయి" అంటరు కొందరు. పెట్టినయి, ఇన్కార్ చెయ్య. నా ఫీజులు అందుల్నుంచే వచ్చినయి. అందుకే ఈ హిసాబ్ అడిగే హక్ నాకున్నది. అబ్బాకు పీఎఫ్ లేదు, పింఛన్ లేదు, సెలవు దినం లేదు. తెలంగాణ వచ్చినంక 2015ల డ్రైవర్లకు 5 లక్షల ప్రమాద బీమా అన్నరు. మంచిదే, షుక్రియా. అదైతే రోడ్డు మీద చచ్చినోనికి, కాళ్ళుచేతులు పూరా పోయినోనికి. ఇరవై ఏండ్లల్ల రోజింత రోజింత అరిగిన భుజం ఏ హాద్సా కింద రాస్తరు? ఏ తారీఖు వేస్తరు?