దివ్యాంగుల పింఛను బాకీ కింద పోకుండా ఏం చేయాలి?

దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో రూ.3,000 నుంచి రూ.6,000కు పెరిగింది. తెలంగాణలో 2023లో రూ.4,016 చేశారు. పంట పోయిన ఏడాది చాలా రైతు కుటుంబాలకు ఇదే ఆధారం. అప్పులవాళ్ల కన్ను కూడా దీనిపైనే పడుతుంది.

1871 నాటి పింఛన్ల చట్టం 11వ సెక్షన్ ప్రకారం, అశక్తత వల్ల ప్రభుత్వం ఇచ్చే పింఛనును అప్పులవాళ్లు కోర్టు ద్వారా జప్తు చేయించలేరు. అసలు చిక్కు బ్యాంకు ఖాతాతోనే. బాకీ ఉన్న బ్యాంకులో ఈ డబ్బు పడితే, కోర్టుకు వెళ్లకుండానే పంట రుణానికి జమ కట్టుకునే ప్రమాదం ఉంది.

అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోండి:

• పింఛను డబ్బును అప్పు లేని బ్యాంకులో గానీ, పోస్టాఫీసులో గానీ విడిగా ఉంచండి. ఇంటి వద్ద చేతికందిన సొమ్మునూ బాకీ ఉన్న ఖాతాలో వేయకండి.

• పింఛను పుస్తకం, ఏటీఎం కార్డు ఎవరికీ తాకట్టు పెట్టవద్దు.

• బ్యాంకు కోత పెడితే మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. వివరాలకు 14448.

• దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోన్ 15100.

పింఛను కాపాడుకున్నంత మాత్రాన అప్పు తీరిపోదు. రుణం గడువు పెంచమని బ్యాంకును విడిగా అడగండి.