మన షుగర్‌కి బ్రిటిష్ కాలం కరువులే కారణమా?

గత నెల మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. మీకూ వచ్చే ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలపు కరువుల వల్ల మన జన్యువులు మారిపోయాయట, అందుకే భారతీయులకు ఇంత షుగరట. ఎపిజెనెటిక్స్ అనే మాట పదిసార్లు వినిపించింది. మామూలుగా అయితే పట్టించుకోను. కానీ అంతకు రెండు వారాల ముందే మావారికి ఏ1సీ 6.1 వచ్చింది. వయసు 42, మనిషి సన్నగానే ఉంటారు. వీడియో చూసి ఒంగోలు నుంచి అత్తయ్య ఫోన్ చేశారు. "వాడు కడుపులో ఉన్నప్పుడు, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని నాకు సగం కడుపుకే పెట్టేవాళ్లమ్మా. దానివల్లే వచ్చిందంటావా?"

బీజెడ్‌సీ చదివి, పదహారేళ్లుగా ఇల్లు చూసుకుంటున్నదాన్ని. మా సిలబస్‌లో ఈ సబ్జెక్టే లేదు. ఆవిడకి జవాబు చెప్పడం కోసం లైబ్రరీ పుస్తకాలు, పరిశోధన పత్రాలు ముందేసుకుని కూర్చున్నాను.

కాలేయ కణంలోనూ కంటి కణంలోనూ ఉండే డీఎన్ఏ ఒకటే. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్నదే తేడా. అద్దె ఇంట్లో ముట్టుకోకూడని స్విచ్ మీద టేపు వేసినట్టు, డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు అతుక్కుంటే ఆ జన్యువు చాలావరకు పని ఆపేస్తుంది. వైరింగ్ మాత్రం మారదు. "జన్యువులు మారిపోయాయి" అన్న దగ్గరే వీడియో తప్పింది. గర్భంలో అవయవాలు ఏర్పడేటప్పుడు ఈ టేపులు జోరుగా పడతాయి. తల్లి తిండి లెక్కలోకి వచ్చేది అందుకే.

దీనికి గట్టి సాక్ష్యం నెదర్లాండ్స్‌లో ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆహారం రానివ్వకపోవడంతో పశ్చిమ ప్రాంతం ఆకలితో అల్లాడింది. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్లను అరవై ఏళ్ల తర్వాత పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించారు. పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద వాళ్లకు మిథైల్ గుర్తులు తమ తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయి. తేడా కొద్దిదే, కానీ అన్నేళ్లు నిలిచింది. కడుపులో ఉండగా ఆ ఆకలి చూసినవాళ్లకు పెద్దయ్యాక గ్లూకోజ్ అదుపు తప్పడం ఎక్కువని వేరే అధ్యయనంలో తేలింది. మొదటిదే రెండోదానికి కారణమన్నది మాత్రం రుజువు కాలేదు.

మరి 1876-78 కరువు? రాయలసీమలో ధాత కరువంటారు, లక్షల మంది పోయారు. అందులో బ్రిటిష్ సర్కారు పాపం చిన్నది కాదు. కానీ అది తాతల తాతల కాలం. అండం, వీర్యకణం తయారయ్యే దారిలో ఒకసారి, పిండం తొలి రోజుల్లో ఇంకోసారి శరీరం ఈ టేపుల్లో చాలావాటిని ఊడదీసి కొత్తగా వేసుకుంటుంది. మనుషుల్లో ఇవి నాలుగైదు తరాలు దాటి వస్తాయని ఎవరూ చూపించలేదు. కరువు పోయాక కూడా పేదరికం పోలేదు, ప్రతి తరం తల్లీ చాలీచాలని తిండే తింది. ఇంత దగ్గరి కారణాన్ని వదిలి 150 ఏళ్లు వెనక్కి పోవడం ఎందుకో నాకర్థం కాలేదు.

డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మనవాళ్ల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివాళ్లది 3.5. కండ బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పుట్టుకతోనే పైకి సన్నం, లోపల కొవ్వు. చదువుతుంటే మావారే గుర్తొచ్చారు.

నాకు బాగా నచ్చింది మాత్రం హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల కథ. 1987-90 మధ్య పథకం ముందుగా వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక చూస్తే, ఉప్మా పెట్టిన ఊళ్లవాళ్లు 14 మిల్లీమీటర్లు పొడవు, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తోంది. అందులో మిథైల్ గుర్తులు కొలవలేదు, నిజమే. మనం ఇక్కడ మూతి ముడుచుకుని తినే ఉప్మా!

ఇక మన సంగతి. షుగర్ టెస్టుకి మిగతావాళ్లకు బీఎంఐ 25 హద్దయితే, ఏషియన్లకు 23 నుంచే చూడమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. మావారిది 24. "సన్నగానే ఉన్నారుగా" అని క్లినిక్‌లో రెండేళ్లు దాటేశారు. ఈసారి నేను గట్టిగా అడిగితే రాశారు. డాలస్‌లో ఉన్న మా మరిదికి 33 ఏళ్లు, బీఎంఐ 23.5. అతనూ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

అత్తయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. కొంత కారణం అయ్యుండొచ్చు, కానీ ఒక్క మనిషిని చూపించి ఇందువల్లే అని ఏ డాక్టరూ చెప్పలేడు, అయినా సగం కడుపుకి పెట్టింది మీరు కాదు కదా అన్నాను. పెట్టినావిడని కూడా తప్పుపట్టలేం, ఆపరేషన్ దొరకని పల్లెలో పెద్ద బిడ్డంటే ప్రాణభయం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది సరే గానీ, వాడు రాత్రిపూట అన్నం తగ్గించాడా లేదా?" అన్నారు.