ఓడిన జట్టు, పోయిన జట్టు

ఓటమి అభిమానికి కొత్త కాదు. ఎంతటి పరాజయమైనా వచ్చే మ్యాచ్ నాటికి కొంత మానుతుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానికి ఆ 'వచ్చే మ్యాచ్' అన్నదే లేకుండా పోయింది. నా బాధంతా దాని గురించే.

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. ఆనాడు గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. తర్వాతి ఏడు రెండో స్థానం. ఆపైన జీతాల బకాయిలు, విదేశీ ఆటగాళ్ళ నిష్క్రమణ. 2023-24లో కుర్రాళ్ళతో ఆడిన 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, 16 ఓటములు, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

మనవాళ్ళు ఈ దుఃఖాన్ని రెండు విధాలుగా దిగమింగుతున్నారు. మనది క్రికెట్ దేశం కదా అని సరిపెట్టుకోవడం మొదటిది. రెండవది రహీం సాబ్‌ను తలచుకోవడం. 1950 నుండి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం: అన్నీ ఆ మహానుభావుని శిక్షణలో వచ్చినవే. కాదనను. కాని మైదానానికి వెళ్ళకుండా ఈ చరిత్రను వల్లె వేస్తే, తాతలు తాగిన నేతికి మన మూతులు వాసన చూపించినట్లే అవుతుంది.

2014, 2016, 2022 ఫైనళ్ళు మూడూ ఓడిన బ్లాస్టర్స్‌ను కొచ్చి జనం విడిచిపెట్టలేదు. అంటే అభిమానాన్ని చంపేది ఓటమి కాదు. జట్టు ఊరిది కాకుండా, యజమాని జేబులోని వస్తువు కావడం. 2002లో వింబుల్డన్ జట్టును వేరే ఊరికి తరలించడానికి అనుమతి లభించగానే, అక్కడి అభిమానులు సొంతంగా జట్టు పెట్టుకొని చాలా కింది స్థాయి నుండి మొదలుపెట్టారు. 2011 నాటికి అది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌కు చేరింది. దుఃఖించడమంటే అది!

మా డోంగ్లి వంటి సరిహద్దు పల్లెలకు గచ్చిబౌలి స్టేడియం ఎప్పుడూ దూరమే. అయినా టీవీలో చూసి 'మనది' అనుకోవడానికి ఒక జట్టుండేది. వింబుల్డన్‌వారిలా క్లబ్బు స్థాపించే స్తోమత మనకు లేకపోవచ్చు. 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో వరుసగా రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్‌ను మనలో ఎందరు చూశాం? కనీసం మన మండలంలో పిల్లలాడే మ్యాచ్‌కు గట్టు మీద నిలబడి ఎందరు చప్పట్లు కొట్టాం?

పోయిన జట్టు కోసం కార్చే కన్నీటిలో సగం అటు మళ్ళించగలిగితే, రేపు మనలను ఓడించడానికైనా మనకంటూ ఒక జట్టు ఉంటుంది. ఓడే జట్టు ఉండడం కూడా భాగ్యమేనని ఇప్పుడు తెలుస్తున్నది. మీరేమంటారు?